గంటకో మోతాదు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నీళ్ళకి కొదవ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే తరవాత చెప్పబోయేది విని మేమేదో కరువు నేలలో బతికేమనుకుంటారు. రాయగడలో మా పెరటి నుయ్యి నడివేసవిలో కూడా ఎండేది కాదు. వంటింట్లో ఇత్తడి గంగాళం, వసారాలో రెండు కుండలు ఎప్పుడూ నిండుగా ఉండేవి. అలాంటి ఇంట్లో మా పిన్ని గుక్కెడు నీళ్ళ కోసం ఏడ్చింది. నాకిప్పుడు ఎనభై దాటేయి. ఒంట్లో ఓపిక దిగింది గానీ ఆ కోపం దిగలేదు. దిగాలని నేను కోరుకోవడమూ లేదు.

మా తాతల కాలంలో శ్రీకాకుళం వేపు నుంచి ఈ కొండల మీదికి వచ్చిన కుటుంబం మాది. మా నాన్న, బాబాయి ఎస్టేటు కచేరీలో గుమాస్తాలు. మా అమ్మ నన్ను కన్న పదో రోజున పోయింది. నాన్న తల్లి, మా మామ్మ, నన్ను పెంచింది. బాబాయి పెళ్ళి చేసుకుని పిన్నిని తెచ్చేసరికి నాకు ఏడేళ్ళు, ఆవిడకి పదహారు. నా తల దువ్వడం, పేలు చూడడం, నాతో గచ్చకాయలాడడం అన్నీ ఆవిడే. ఆవిడకీ తల్లి లేదు, అందుకని రెండేళ్ళ తరవాత పురుడు మా ఇంట్లోనే జరిగింది. పిల్లాడు పుట్టేడు.

మా ఇళ్ళల్లో అప్పట్లో బాలింతకి నీళ్ళిచ్చేవారు కాదు. ఇస్తే ఒళ్ళు నీరు పట్టి, వాతం కమ్మి పోతుందని నమ్మకం. తలుపులు మూసి, కుంపటి పెట్టి, చెవుల్లో దూది కుక్కి, పూటకి ఒక్క ఉగ్గుగిన్నెడు కాచిన నీళ్ళు పోసేవారు. అంతే. మా మామ్మ ఈ విషయంలో ఎవరి మాటా వినేది కాదు. దానికి కారణం మా అమ్మ. నన్ను కన్నాక జ్వరమొచ్చి దాహం దాహం అని అరిస్తే, ఎవరో జాలిపడి చెంబుడు నీళ్ళిచ్చేరట. తెల్లారేసరికి పోయిందట. ఈ కథ నేనెన్నిసార్లు విన్నానో! మా అమ్మని నీళ్ళే చంపేయన్న మాట నాకు అఆల కంటే ముందు వచ్చింది.

నాలుగో రోజున పిన్నికి చలిజ్వరం తగులుకుంది. ఆ రోజుల్లో ఈ కొండల్లో చలిజ్వరం తొక్కని గడప లేదు. దుప్పట్లెన్ని కప్పినా వణికేది, వణుకు ఆగేక పెనంలా కాలిపోయేది. పెదాలు పగిలి నెత్తురొచ్చేది. మామ్మ నన్ను గది గుమ్మంలో కూచోబెట్టి, "నీళ్ళడుగుతాది. ఇచ్చేవంటే మీ అమ్మలాగే పోతాది, గ్యాపకం ఉంచుకో" అంది. తొమ్మిదేళ్ళ పిల్లకి అప్పజెప్పే పనేనా అది? పిన్ని రెండు రోజులు నా వేపు చూసి, "అమ్మీ, ఒక్క గుక్క. నా తల్లివి కదూ, ఒక్క గుక్క" అని బతిమాలింది. నేను చెవులు మూసుకుని వీధి వేపు తిరిగి కూచున్నాను.

ఆరో రోజు ఆదివారం. మామ్మ నూతి దగ్గర స్నానం చేస్తోంది. గదిలో ఏదో చప్పుడైతే తిరిగి చూసేను. పిన్ని మంచం దిగి, పాక్కుంటూ గది మూలకి వెళ్ళింది. అక్కడ పిల్లాడి పొత్తిగుడ్డలు నానేసిన బాల్చీ ఉంది. అందులో రెండు చేతులూ ముంచి దోసిలి పట్టింది. నేను ఒక్క ఉదుటున వెళ్ళి బాల్చీ లాగేసేను. అవును, నేనే. అవి మురికివని కాదు, నీళ్ళు కాబట్టి లాగేసేను! పిన్ని నన్ను తిట్టలేదు. ఏడవడానికి ఆవిడ కళ్ళల్లో తడి లేదు. తడిసిన వేళ్ళు ఒక్కొక్కటీ నాక్కుంది.

అది చూసి నాకు కాళ్ళు ఆగలేదు. పెరటి కంచె సందులోంచి దూరి పరుగెత్తేను.

కంచె అవతల ఒక పెంకుల చర్చి ఉండేది. అక్కడి ఆడవాళ్ళు రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ గుప్పిళ్ళన్నీ చర్చిలో ఒక గంపలోకి చేరేవి. ఆ బియ్యంతో వాళ్ళు ఒక నర్సమ్మని పోషించుకునేవారు. మైదానంలో మిషను ఆసుపత్రిలో పని నేర్చుకుని వచ్చిన మనిషి ఆవిడ. ప్రార్థనయ్యేక ఎవరూ ఇళ్ళకి పోకుండా వరండాలో వరసగా కూచుంటే, కళ్ళు, పుళ్ళు, జ్వరాలు అన్నీ చూసేది. మిగతా రోజులు రేకుపెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. తమవాళ్ళా పైవాళ్ళా అన్న తేడా ఆవిడకి లేదు. తేడా అంతా మాకే. చర్చివాళ్ళంటే మా వీధికి అంటరానివాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు కడవలు పట్టుకుని మా పెరటి బయట నిలబడితే, మేం నూతిలోంచి తోడి, తగలకుండా పైనుంచి పోసేవాళ్ళం. అదేదో మహాదానమన్నట్టు!

చర్చి గుమ్మం తొక్కకూడదని నాకు తెలుసు. గుమ్మం బయటే నిలబడి, "నర్సమ్మా! మా పిన్ని గుడ్డల నీళ్ళు తాగేస్తంది!" అని గొంతు చించుకున్నాను. పాస్టరు గారు ప్రసంగం ఆపేసేరు. చాపల మీద కూచున్న జనమంతా నా వేపు తిరిగేరు. వెనక వరసలో ఉన్న నర్సమ్మ రేకుపెట్టె తీసుకుని లేచింది. ప్రార్థన పూర్తి కాలేదని ఎవరూ ఆవిణ్ణి ఆపలేదు.

మా మామ్మ ఆవిణ్ణి పురిటిగదిలోకి రానిచ్చింది. ఆశ్చర్యపోకండి. పురిటిగది ఎలాగూ మైలే కాబట్టి ఎవరు ముట్టుకున్నా ఫరవాలేదు. చూసేరా మా ఆచారాల తెలివి! నర్సమ్మ పిన్ని చర్మం పట్టి లాగి చూసింది, నాలుక చూసింది. బయటికొచ్చి, "అమ్మగారూ, బిళ్ళ ఇస్తాను. కానీ ఒంట్లో సుక్క నీరు లేకపోతే బిళ్ళ ఏటి సేస్తాది? ముందు నీళ్ళు పట్టించండి" అంది.

"బాలింతకి నీళ్ళా? పెద్దకోడల్ని అలాగే పోగొట్టుకున్నాను. నీకేటి, పోతే నా ఇంటి మనిషి పోతాది!" అని మామ్మ విరుచుకుపడింది. పడుతూ పడుతూనే ఏడ్చింది కూడా. పిన్ని మీద ఆవిడకి ప్రేమ లేదని నేననను. ప్రేమ ఉండి కూడా చంపబోయింది, నా మంటంతా అదే.

నర్సమ్మ ఇంకా రెండుసార్లు చెప్పి చూసింది. చర్చి దగ్గర తను కాచి చల్లార్చిన నీళ్ళున్నాయనీ, పంపిస్తాననీ అంది. మామ్మ మొహం ఎర్రబడిపోయింది. "మీ సేతి నీళ్ళు మేం ముట్టుకుంటామా?" అంది. నర్సమ్మ పైటకొంగు నోట్లో కుక్కుకుంది. అది భయంతో కాదు, కోపంతోనని నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. ఆఖరికి గొంతు తగ్గించి, "సరే, నీళ్ళొద్దు. మందిస్తాను. పెద్ద డాక్టరు గారి మందు. సీసాలో పోసి పంపిస్తాను, గంటకో మోతాదు తప్పకుండా పట్టాలి" అంది. మందు ఎవరి చేతిదైనా మామ్మకి అభ్యంతరం లేదు.

ఆవిడ వెళ్ళగానే, ఆవిడ నిలబడ్డ అరుగు మీద నేను పేడనీళ్ళు చల్లి కడిగేను. మామ్మ చెప్పింది, నేను చేసేను. నర్సమ్మ కంచె దగ్గర వెనక్కి తిరిగి అది చూసింది.

జ్వరం బిళ్ళలతో పాటు సీసా వచ్చింది. లేత గోధుమరంగు మందు, సీసా పక్కన గీతలు గీసిన కాగితం అంటించి ఉంది, గీతకో మోతాదు. మామ్మ ఒక్క గంట కూడా తప్పకుండా గీత లెక్కన పట్టించింది. సాయంత్రానికి పిన్నికి కళ్ళల్లో తడి వచ్చింది. మర్నాటికి పిల్లాడికి పాలు పడ్డాయి. ఖాళీ సీసాలు పట్టుకెళ్ళి నిండు సీసాలు తేవడం నా పని.

మూడో రోజున నేను కొంచెం ముందుగా వెళ్ళేను. నర్సమ్మ వరండాలో పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. చల్లార్చిన కుండలో ఆవిడ ఇంత బెల్లం, చిటికెడు ఉప్పు, కాసింత వాము వేసి, గుడ్డలో వడకట్టి, గరాటు పెట్టి మా సీసాలో పోస్తోంది. అంతే. ఇంక ఏ మందూ లేదు. నాకు ఒళ్ళు తెలీలేదు. చేతిలో ఉన్న ఖాళీ సీసా నేలకేసి కొట్టేను. "నీళ్ళిస్తన్నావా! మా అమ్మలాగే పిన్నిని కూడా సంపేస్తావా!" అని ఆవిడ చెయ్యి కరిచేసేను.

ఆవిడ నన్ను కొట్టలేదు, బుజ్జగించనూ లేదు. నా రెక్క గట్టిగా పట్టుకుని, నిండు సీసా నా నోటికి ఆనించి, "తాగు" అంది. తాగేను. తియ్యగా, కొంచెం ఉప్పగా ఉంది. "సచ్చిపోయేవా?" అంది. లేదన్నాను. "మీ పిన్ని సచ్చిపోయిందా?" లేదన్నాను. "మీ అమ్మని నీళ్ళు సంపలేదే అమ్మీ. ఆ సెంబు నీళ్ళు ముందే ఇచ్చుంటే బతికేదేమో" అంది. ఆవిడ కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. "నాకు అబద్ధమాడ్డం సరదా కాదు. నీళ్ళన్నా తాగరు, నా సేతివన్నా తాగరు. అందుకే మందన్నాను. పిన్ని లేసి తిరిగీదాకా ఎవరికీ సెప్పకు. ఆ తరవాత నువ్వే సెప్పాలి. నేను సెప్తే నమ్మరు, ఇంకో గుమ్మం ఎక్కనివ్వరు." గాజుపెంకులు ఆవిడే ఏరింది. నా పంటిగాట్లు ఆవిడ చేతి మీద ఎర్రగా కనిపిస్తూనే ఉన్నాయి.

పిన్ని లేచింది. ఇరవయ్యొకటో రోజున పిల్లాణ్ణి ఉయ్యాల్లో వేసేరు. నర్సమ్మ చూడ్డానికి వచ్చి పెరటి వాకిట్లో నిలబడింది. మామ్మ దూరం నుంచే ఒక చీర, చేటెడు బియ్యం కింద పెట్టి జరిగి, "నీ మందు అమృతం, తల్లీ. నీళ్ళివ్వకుండా కాసుకున్నాం, నీ మందు పనిచేసింది" అంది. నర్సమ్మ నా వేపు చూసింది. పిన్ని తిరుగుతోంది కదా, ఇంక చెప్పవచ్చు కదా. నా చేతిలో పేడనీళ్ళ చెంబు ఉంది. నేను తల వంచుకున్నాను. ఆవిడ చీర ముట్టుకోలేదు. బియ్యం మాత్రం గంపలో వేస్తానని కొంగులో పోసుకుని వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి చర్చివాళ్ళు ఆవిణ్ణి గునుపురం వేపు పంపేరు. మళ్ళీ నేను చూడలేదు. క్షమించమని అడగనూ లేదు.

ఏళ్ళు గడిచేయి. ఎస్టేటు పోయింది, మామ్మా పోయింది. నాకు మొదటి పురుడొచ్చినప్పుడు చూసుకోడానికి పిన్నే వచ్చింది. రెండో రోజున దాహమేసి నీళ్ళడిగేను. పిన్ని, ఆ వేళ్ళు నాక్కున్న పిన్ని, నా తల నిమిరి ఏమందో తెలుసా? "తప్పమ్మీ, బాలింతవి. నేను ఓర్సుకోలేదా? నీళ్ళు తాగుంటే అప్పుడే పోయీదాన్ని. ఆ మందు నన్ను బతికించింది" అంది. నా గుండె భగ్గుమంది. ఎవరిని తిట్టను? నోరు విప్పని నన్ను నేనే తిట్టుకోవాలి.

"మందు లేదు, నా మొహం లేదు! అవి నీళ్ళు పిన్నీ. బెల్లం, ఉప్పు వేసిన నీళ్ళు. ఆవిడ సేత్తో కాసి పోసిన నీళ్ళు" అన్నాను.

నా తల నిమురుతున్న చెయ్యి పిన్ని వెనక్కి తీసుకుంది. "ఆవిడ సేతివా?" అని ఒక్కసారి అడిగింది. అవునన్నాను. లేచి బయటికి వెళ్ళిపోయింది. ఇంక రాదనుకున్నాను. వచ్చింది, చెంబు నిండా నీళ్ళతో. నా తల ఎత్తి పట్టుకుని తాగించింది. అంతా తాగేక, గుమ్మం వేపు ఒకసారి చూసి, "ఈ మాట ఇంకెవరికీ సెప్పకు" అని గుసగుసగా అంది.

"సెప్తాను పిన్నీ" అన్నాను. "అందరికీ సెప్తాను."

చెబుతూనే ఉన్నాను. చుట్టాల్లో ఎవరింట్లో పురుడైనా చెంబు పట్టుకుని నేను వెళ్తాను. ఇప్పుడు రోజులు మారేయి, బాలింతకి నీళ్ళు మానిపించేవాళ్ళు తక్కువే. అయినా వెళ్తాను. ముసలిది మళ్ళీ మొదలెట్టిందని పిల్లలు మొహాలు తిప్పుకుంటారు, తిప్పుకోనీ. మా పిన్ని తాగినవి నీళ్ళని ఒప్పుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ నీళ్ళు ఎవరి చేతివో చెప్పేసరికి మాత్రం ఇప్పటికీ కొందరు గొంతు తగ్గించమంటారు. నేను తగ్గించను.