నమిలి చెప్పే యాదయ్య

మిర్యాలగూడలో హోటలు తిండి తినేవాళ్లు చాలామంది ఉన్నారు గాని, యాదయ్యలాగా సోదా చేసినట్టు తినేవాడు మరొకడు లేడు. ముందు వాసన చూస్తాడు. తరువాత వేలితో నొక్కుతాడు. చేతులు కడుక్కునే నెపంతో వెనకవైపుకు వెళ్లి నూనె డబ్బా మీద ఏం రాసి ఉందో చదివి వస్తాడు. ఈలోగా ఇడ్లీ చల్లారిపోతుంది. చల్లారితే చల్లారనీ, మోసపోకూడదు, అంతే.

ఆయన చేసే పనే అలాంటిది. ముప్పై ఏళ్లుగా జగదీశ్ గారి రైసు మిల్లులో వడ్లు చూసి చెప్పేది ఆయనే. లారీ వచ్చి నిలబడగానే బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు తీస్తాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, రెండు గింజలు ఒలిచి నములుతాడు. పచ్చివా, ముక్కినవా, మంచివాటిలో ఏమైనా కలిపారా, అన్నీ చెప్పేస్తాడు. తేమ చూసే మిషను వచ్చి చాలా కాలమైనా, "యాదయ్య నమిలిండా?" అని అడిగాకే జగదీశ్ సరుకు దించమంటాడు. పైన మేలు గింజలు పోసి అడుగున తాలు నింపిన బస్తాలు వేలకొద్దీ చూసినవాడికి మనుషులు కూడా అలాగే కనిపిస్తే తప్పు పట్టలేం. నేను మాత్రం కాస్త తప్పు పట్టక మానను.

ఇంత అనుమానంలోనూ ఆయన కళ్లు మూసుకుని తినే చోట్లు మూడున్నాయి. పనిమీద సూర్యాపేట మార్కెట్ యార్డుకు వెళితే జానయ్య చాయ్. పాలు అందరి ముందే కాగుతాయి, వాడిన చాయ్‌పత్తా మళ్లీ గిన్నెలోకి పోదు. కోదాడ వైపు వెళితే కృపాకర్ మెస్సులో భోజనం. అక్కడి వంటింటికి తలుపే లేదు, పప్పు పోపు కూర్చున్న చోటికే వినిపిస్తుంది. ఇక ఊళ్లో ఉంటే స్టేషను రోడ్డు మీద ఆండాలు ఇడ్లీ బండి. ఆండాలుది ఒక అలవాటు. మొదటి వాయి దించగానే ఒక ప్లేటు తానే పెట్టుకుని, బండి ముందు నిలబడి అందరూ చూస్తుండగా తింటుంది. "నేను తిన్నంకనే మీకు" అంటుంది. పద్దెనిమిదేళ్లుగా యాదయ్య పరీక్ష పెట్టకుండా తిన్న ఇడ్లీ అదొక్కటే.

ఈ వానాకాలం ఆయనకు నాలుగు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన మర్నాడే ఆకలితో బండి దగ్గరికి వెళ్లాడు. ఇడ్లీ నోట్లో పెట్టుకుంటే తడి గుడ్డ నమిలినట్టుంది. చట్నీలో పల్లీల జాడే లేదు. ఆండాలు వైపు చూస్తే ఆమె ఎప్పటిలాగే నవ్వుతోంది. ఆ నవ్వే ఆయనకు మరీ అనుమానంగా తోచింది.

"ఏం చెల్లె, బియ్యం మార్చినవా?"

"లేదన్నా. నువ్వు జెప్పిన దుకాణంలనే తెస్తున్న."

ఆయన నమ్మలేదు. మిల్లుకు వెళ్లి హమాలీల మేస్త్రీ ముత్తయ్యతో ఒకే ఒక్క మాట అన్నాడు. "ఆండాలు ముక్కిన బియ్యం పోస్తున్నది." నమిలి చెప్పే యాదయ్య అన్నాక ఇంకేముంది! వారం తిరక్కుండానే నాలుగు మిల్లుల హమాలీలు రోడ్డు దాటి ఎదుటి హోటలుకు మళ్లారు. ఆండాలు రోజూ తన ప్లేటు తాను తింటూనే ఉంది, చూసేవాళ్లే లేరు.

అప్పటినుంచి యాదయ్యకు లోకమంతా దొంగలే. ఇంట్లో కూర చప్పబడింది. బీపీ పేరు చెప్పి భార్య పిచ్చమ్మ ఉప్పు దాచేస్తోందని రూఢి చేసుకున్నాడు. ఆమె పిల్లల మీద ఒట్టేసినా వినలేదు. సూర్యాపేటలో చాయ్ వేడినీళ్లలా ఉంది. జానయ్య కూడా చెడ్డాడనుకుని సగం గ్లాసు వదిలేసి వచ్చాడు. మిల్లులో ఒక్కచోటే హాయిగా ఉంది. ఈసారి ఏ లారీలోనూ ముక్కిన వాసన లేదు. రైతులకు ఇన్నాళ్లకు బుద్ధి వచ్చిందనుకున్నాడు.

జ్వరం తగ్గిన నెలకు, ఒక గురువారం కోదాడ వెళ్లాడు. కృపాకర్ మెస్సులో పప్పు కలుపుకున్నాడు, రుచీ పచీ ఏమీ లేదు. వీడూ మొదలుపెట్టాడన్నమాట అనుకుంటూ, ఇచ్చిన డబ్బులు ఊరికే పోకూడదని కసి కొద్దీ ఆకు ఖాళీ చేశాడు. అంతలో కృపాకర్ పరుగున వచ్చాడు.

"క్షమించండి బాబాయ్! పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. అందరూ ఆకులు వదిలేసి లేచిపోయారు. మీరెలా తిన్నారండీ?"

యాదయ్య చుట్టూ చూశాడు. ప్రతి ఆకులోనూ పప్పు అలాగే ఉంది. బల్లమీది గిన్నెలోంచి చిటికెడు ఉప్పు నాలుక మీద వేసుకున్నాడు. ఇసుకలా ఉంది. ఆవకాయ జాడీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ ఘాటూ లేదు.

బస్సులో తిరిగి వస్తుంటే ఆయనకు దుఃఖం ఆగలేదు. ఈ నెలలో ఎన్ని లారీలకు సరేనన్నాడు? ఆ వాసన లేనిది వడ్లలోనా, తన ముక్కులోనా? నిజం చెబితే ముప్పై ఏళ్ల పని ఒక్క పూటలో పోతుంది. యాభై ఎనిమిదేళ్లవాడిని ఇంక ఏ మిల్లు పిలుస్తుంది? చెప్పకపోతే? మిషను ఎలాగూ ఉంది, ఊరికే నమిలినట్టు చేస్తే ఎవరికి తెలుస్తుంది? హుజూర్‌నగర్ దాటేదాకా ఈ రెండో దారే బాగుందనిపించింది. కానీ మోసగాళ్లను పట్టడంలో ఆరితేరినవాడు కదా, తనను కూడా పట్టేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బండి దగ్గరికి వెళ్లాడు. ఆండాలు ఒక్కతే నిలబడి తన ప్లేటు తింటోంది. "దసరా దాక సూస్త, కాకుంటే బండి అమ్ముత" అంది, ఆయన మొహం చూడకుండా. ముత్తయ్య, హమాలీలు ఎదుటి హోటలు మెట్లెక్కుతున్నారు.

"ముత్తయ్యా, ఆగుండ్రి!" యాదయ్య గొంతు పగిలేలా అరిచాడు. "ఆండాలు బియ్యం మంచియే. నా నోరే సచ్చింది. జరమొచ్చినకాంచి ఉప్పు లేదు, కారం లేదు, వాసన లేదు."

వాళ్లు రోడ్డు దాటి వచ్చారు. ముత్తయ్య ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మరి మిల్లుల వడ్లెట్ల సూస్తున్నవే?"

"సూస్తలేను. ఇప్పుడు వోయి జగదీశ్ సారుకు గదే జెప్త."

ఆండాలు ప్లేటు బండిమీద టక్కున పెట్టింది. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "నెల దినాలు నా బియ్యాన్ని అనుమానపడ్డవు. నీ నోటిని ఒక్కపూటన్న అనుమానపడకపోతివి గదన్నా!"

యాదయ్య తల దించుకున్నాడు. ఆమె నాలుగిడ్లీలు పెట్టి ముందుకు తోసింది. ఆయన వాసన చూడలేదు, వేలితో నొక్కలేదు. ప్లేటు ముత్తయ్య వైపు జరిపాడు.

"జర తిని సూడు. ఉప్పు సరిపోయిందా?"

ముత్తయ్య ఒక ముక్క తుంచి చట్నీలో అద్ది నోట్లో వేసుకున్నాడు. "సరిపోయింది" అన్నాడు.

యాదయ్య ఆ మాట నమ్మి తిన్నాడు.