కడిగిన బండి

చలికాలం నడిమధ్యలో అఫోన్యా బండి కడిగించాడంటే బెస్‌క్యోల్ ఊళ్లో ఇప్పటికీ చాలామంది నమ్మరు. తాగి కడిగించి ఉంటాడు అంటారు. తాగలేదు. పుట్టింటికి వెళ్లిపోయిన పెళ్లాన్ని తెచ్చుకోవడానికి బయల్దేరుతూ, అత్తవారి గుమ్మంలో కాస్త పెద్దమనిషిలా కనబడాలని కడిగించాడు. రోజులు బాగోలేకపోతే తాడే పామై కరుస్తుందంటారు. అతన్ని నీళ్లు కరిచాయి.

పూర్తి పేరు అఫనాసి. తండ్రి గుర్రాల మందలు కాసినవాడు. కొడుక్కి గుర్రం వాసన గిట్టలేదు, పెట్రోలు వాసన పట్టుకుంది. మీసాలు రాకముందే స్టీరింగు పట్టాడు, నలభై దగ్గరపడుతున్నా వదల్లేదు. సైబీరియాలోని యాకూత్స్క్ పట్నం నుంచి చుట్టుపక్కల ఊళ్లకు మనుషుల్నీ మూటల్నీ, కర్రల్లా బిగిసిన చేపల బస్తాల్నీ చేరవేయడమే పని. బండి జపాన్‌లో ఎవరో వాడి వదిలేసిన పాత వ్యాను. చలి లోపలికి రాకుండా దాని కిటికీలకు పైన ఇంకో అద్దం అంటించాడు. అక్కడ అందరూ అంటిస్తారు. ఇక ఎండాకాలం దాకా ఆ కిటికీలు దిగవు.

వెచ్చటి షెడ్డు ఉన్నవాడు అదృష్టవంతుడు. అఫోన్యాకి లేదు. అందుకని పగలంతా మోటారు ఆపేవాడు కాదు. అన్నం తింటున్నా, సరుకులు కొంటున్నా, ఎవరి చావుకైనా వెళ్లి నిలబడినా, బయట బండి గురగురమంటూనే ఉండేది. రాత్రి ఆపినా మాటిమాటికీ లేచి, బూట్లు తొడుక్కుని వెళ్లి, కాసేపు నడిపించి, బొంత కప్పి వచ్చేవాడు. ఆ చలిలో ఒక పూట మరిచిపోతే మోటారులో నూనె బంకలా బిగుసుకుంటుంది. ఇక మంచు కరిగేదాకా బండిని చూస్తూ కూర్చోవాల్సిందే.

ఈ సేవ చూసి చూసి అతని భార్య కున్నేయ్‌కి విసుగెత్తింది. కున్నేయ్ బడి వంటగదిలో పనిచేసేది. గట్టిగా అరిచే మనిషి కాదు. ఏమైనా చెప్పుకోవాలంటే సాయంత్రం పని నుంచి ఇంటికి తీసుకొచ్చేటప్పుడు బండిలో చెప్పుకునేది. "ఏంటీ? మోటారు చప్పుడులో వినబడట్లేదు, ఇంటికెళ్లాక చెప్పు" అనేవాడు. ఇంటికి వెళ్లాక నాలుగు మెతుకులు తిని గుర్రు పెట్టేవాడు. పాపం చెడ్డవాడు కాదు. కానీ మంచివాడైతే మాత్రం ఆమెకేం ఒరిగింది?

నవంబరులో ఆమెకి జ్వరం వచ్చింది. రాత్రంతా మూలిగింది. అఫోన్యా లేచాడు, పడుకున్నాడు, మళ్లీ లేచాడు. లేచిన ప్రతిసారీ బండి దగ్గరికే వెళ్లాడు. తెల్లారాక ఆమె అడిగింది.

"దానికి బొంత కప్పొచ్చావు. నాకు కప్పావా?"

"నీకు పక్కనే పొయ్యుంది కదే!" అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. జ్వరం తగ్గగానే కున్నేయ్ సంచి సర్దుకుని బెస్‌క్యోల్‌లో తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. అదీ ఇంకో డ్రైవరు బండిలో. ఊరంతా చూసింది ఆ సంగతి, అఫోన్యా తల ఎత్తుకోలేకపోయాడు.

ఆ తర్వాత ఇల్లు బావురుమంది. మాట్లాడే మనిషి లేకపోతే ఆ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అతనికి అప్పుడే తెలిసింది. ఓర్చుకున్నన్నాళ్లు ఓర్చుకున్నాడు. జనవరిలో ఒక పొద్దున గడ్డం గీసుకుని, కొత్త చొక్కా తొడుక్కుని, బండి కడిగే షెడ్డుకి వెళ్లాడు. కడిగినవాడు చెప్పనే చెప్పాడు, తలుపుల చుట్టూ రబ్బర్లు ఆరాలి, కాసేపు ఆగు అని. ఆగలేదు. పొద్దుండగానే చేరాలి మరి. మెరిసే బండిలో, దారిపొడుగునా బతిమాలే మాటలు వల్లె వేసుకుంటూ వెళ్లాడు. "తప్పు నాదే కున్నేయ్, ఇంటికి పద." అంతకంటే మంచి మాట దొరకలేదు.

అత్తగారి ముంగిట్లో ఆపాడు. చొక్కా కాలరు సవరించుకున్నాడు. తలుపు గొళ్లెం లాగి తోశాడు. రాలేదు.

భుజంతో తోశాడు. కదల్లేదు. పక్క సీట్లోకి జరిగి ఆ తలుపు తోశాడు. వెనక తలుపు తన్నాడు. రబ్బర్లలో చేరిన నీళ్లన్నీ గడ్డకట్టి తలుపుల్ని చట్రానికి అతికించేశాయి. డిక్కీ బయటనుంచి తప్ప తెరుచుకోదు. కిటికీ దిగదు. అఫోన్యా మళ్లీ సీట్లో కూర్చున్నాడు. బయట సున్నాకి దిగువన యాభై దాకా చలి. పెట్రోలు ముల్లు అడుగుకి దగ్గరగా ఉంది. ఎదురుగా వంటింటి కిటికీలో దీపం వెలుగుతోంది, లోపల ఎవరో అటూ ఇటూ తిరుగుతున్నారు. కాలరు బిగుతుగా అనిపించి గుండీ తీసేశాడు. గాలి సరిపోవడం లేదనిపించింది, సరిపోతున్నా.

చేసేదేం లేక హారన్ కొట్టాడు.

అత్తగారు అగ్రాఫెనా తెర తొలగించి చూసింది. అల్లుడు బండి దిగకుండా, కూర్చున్నచోటునుంచి హారన్ కొడుతున్నాడు. ఆవిడ ఒళ్లు మండింది. తెర వేసేసింది.

అతను మళ్లీ కొట్టాడు. ఈసారి బావమరిది ఎర్చిమ్ విసురుగా వచ్చాడు.

"ఏం బావా, ఎత్తుకుని దింపాలా? మా అక్కని హారన్ కొట్టి పిలుస్తావా?"

"తలుపు! తలుపు!" అని అఫోన్యా లోపల్నుంచి అరిచాడు.

"వేసే ఉంది కదా తలుపు!"

"రావట్లేదు రా! కడిగించాను!"

"ఏం చేశావూ?"

అఫోన్యా చేతులతో రుద్దినట్టు చూపించాడు. ఎర్చిమ్ కడుపు పట్టుకుని నవ్వాడు. "అమ్మా! కేషా మావయ్యా! రండి రండి, బావ బండికి తలంటాడు!"

నవ్వు అయ్యాక మనిషి మంచివాడే, రెండు చేతులా పట్టుకుని లాగాడు. పిడి పుటుక్కున విరిగి చేతిలోకి వచ్చింది. ఇంట్లోంచి వైరు లాగి, జుట్టు ఆరబెట్టుకునే మిషన్ పెట్టి ఊదుదామనుకున్నాడు. చలికి బిగిసిన వైరు వంపు తిప్పగానే ఎండుపుల్లలా విరిగింది. ఎర్చిమ్ విరిగిన ముక్కలు రెండూ పట్టుకుని అక్కని తలుచుకున్నాడు. ఆ మిషన్ అక్కది.

అప్పటికి పక్కింటి ముసలాయన కేషా వచ్చాడు. ట్రాక్టరు నడిపి రిటైరైన మనిషి, ఊళ్లో ఏ బండికి ఏం వచ్చినా పిలవకుండానే వస్తాడు. కోటు లోపలినుంచి చిన్న సీసా తీసి తాళం కన్నంలో పోశాడు. బెస్‌క్యోల్‌లో ఆడవాళ్లంతా కూడబలుక్కుని సారా అమ్మకం మాన్పించి చాలా ఏళ్లయింది.

"కేషా!" అంది అగ్రాఫెనా. "ఆ మందు ఎక్కడిది నీకు?"

"మందు కాదు వదినా, తాళానికి మందు."

"అయితే మూత తీయగానే నువ్వెందుకు మింగావు?"

"పాడైందేమో చూడొద్దూ?"

తాళం టక్కుమని లేచింది. తలుపు మాత్రం రాలేదు. ముగ్గురూ కలిసి లాగినా రాలేదు, డిక్కీ కూడా అతుక్కుపోయింది. లోపల అఫోన్యాకి వాళ్ల మాటలు సగం సగమే వినబడుతున్నాయి. నవ్వుతున్నారని తెలుస్తోంది. ఇంతమంది వచ్చారు, రావాల్సిన మనిషి రాలేదు. అతనికి ఏడుపొచ్చింది. అద్దం వెనక కూర్చుని, చేపలా నోరు తెరుస్తూ మూస్తూ, ఎవరితో ఏం మాట్లాడగలడు? దారంతా వల్లె వేసిన మాటలు గొంతులోనే ఉండిపోయాయి. పెట్రోలు ముల్లు పక్కన దీపం ఎర్రగా వెలిగింది.

కేషా కూడా ఆ దీపాన్ని చూశాడు. నవ్వు మానేశాడు. "ఇక లాభం లేదు. అద్దం పగలగొట్టండి. మోటారు ఆగిపోతే వీడు లోపలే బిగుసుకుపోతాడు."

"అద్దం వద్దు!" అఫోన్యా కేక రెండు అద్దాలు దాటుకుని వంటింటి దాకా వినబడింది. "చంపినా సరే, అద్దం మాత్రం వద్దు! అద్దం లేకపోతే చలికాలమంతా బండి నడవదు!"

ఆ కేకకే కున్నేయ్ బయటికి వచ్చింది.

భుజాల మీద కోటు వేసుకుని, తలకి ఉన్ని శాలువా చుట్టుకుని తిన్నగా అతని పక్క కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. చిక్కింది. కళ్లకింద నల్లబడింది. ఆమె పెదవులు కదిలాయి. నెమ్మదిగా, ఎప్పటిలాగే గొంతు ఎత్తకుండా, ఏదో చాలాసేపు చెప్పింది.

"వినబడట్లేదు!" అన్నాడు అఫోన్యా చెవి చూపిస్తూ. "మోటారు చప్పుడు!"

కున్నేయ్ ఆగిపోయింది. అతని మొహంలోకి ఒక్కసారి చూసి, వెనక్కి తిరిగి ఇంటివైపు నడిచింది.

ఏమన్నాడో అతనికి అప్పుడు తెలిసింది. ఆమె గుమ్మం దాటితే మళ్లీ రాదని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. తలుపు తోసే దారి లేదు, పరిగెత్తే దారి లేదు. అతని చేతికి అందేది ఒక్క తాళంచెవి. తిప్పాడు.

మోటారు ఆగిపోయింది.

ఎర్చిమ్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "బావా, పిచ్చెక్కిందా! ముట్టించు, ముట్టించు!" కేషా, చనిపోయినవాళ్ల ఇంటి ముందు తీసినట్టు, టోపీ తీశాడు. చెవులు చురుక్కుమని వెంటనే పెట్టేసుకున్నాడు. ముంగిట్లో ఎవరి ఊపిరి వాళ్లకి వినబడేంత నిశ్శబ్దం. కున్నేయ్ ఆగింది. తిరిగి వచ్చింది.

"ఎందుకాపావు?"

సన్నగా, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు, కానీ స్పష్టంగా వినబడింది.

"వినబడాలని. చెప్పు."

విననివాడికి చెప్పడం అలవాటైన మనిషి, వింటానంటే తడబడింది. అఫోన్యా ఊపిరి లోపల అద్దానికి పట్టి మంచు అవుతోంది. ఆమె మొహం మసకబారుతుంటే చేత్తో తుడుచుకుంటూ చూశాడు.

"నేను రాను, అఫోన్యా," అంది. "అది చెప్దామనే వచ్చాను. ఆ ఇంట్లో గోడలకి చెప్పుకున్నాను, గిన్నెలకి చెప్పుకున్నాను. ఇక నావల్ల కాదు. బతిమాలకు. రాను."

అఫోన్యాకి కాళ్లు అప్పుడే తిమ్మిరెక్కుతున్నాయి. తప్పు నాదే, ఇంటికి పద అనే మాట నోటి చివరిదాకా వచ్చింది. ఆమె బతిమాలకు అంది కదా. మింగేశాడు.

"సరే," అన్నాడు.

"సరే అంటే?"

"విన్నాను అని."

కున్నేయ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడి చలిలో కన్నీళ్లు రెప్పల మీదే గడ్డకడతాయి, అందుకని గబగబా తుడుచుకుంది. "వెధవా," అంది. "చచ్చిపోతావక్కడ. అద్దం?"

"నీ ఇష్టం."

తాగునీటి కోసం చెరువులోంచి కోసి తెచ్చిన మంచుదిమ్మలు గోడవారన పేర్చి ఉన్నాయి, వాటిని పగలగొట్టే గునపం పక్కనే ఉంది. ఎర్చిమ్ అందుకోబోయాడు. కున్నేయ్ అతన్ని పక్కకి నెట్టి తనే తీసుకుంది. "తల దించుకో!" అని అరిచింది. పెళ్లయ్యాక ఆమె అంత గట్టిగా అరవడం అఫోన్యా వినలేదు. ఒక దెబ్బకి పై అద్దం, ఇంకో దెబ్బకి లోపలిది పోయాయి. నిజం చెప్పాలంటే మూడో దెబ్బ అవసరం లేదు. అయినా వేసింది.

అఫోన్యాని ఎర్చిమ్ చంకల కింద చేతులు వేసి బయటికి లాగాడు. కొత్త చొక్కా చిరిగింది, మోచెయ్యి గీరుకుంది, మనిషి మంచులో బోర్లా పడ్డాడు. అగ్రాఫెనా తిడుతూనే వీపు దులిపింది. కేషా బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "పెట్రోలూ లేదు, అద్దమూ లేదు. ఇక మంచు కరిగేదాకా ఇది లేవదబ్బాయ్," అన్నాడు.

"తెలుసు," అన్నాడు అఫోన్యా. లేచి నిలబడ్డాడు. కున్నేయ్ గునపం ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. ఆమెని చూడలేక నేల చూస్తూ అన్నాడు. "ఎవరిదన్నా బండి టౌనుకి వెళ్తే నేను పోతాను. అందాకా కేషా ఇంట్లో పడుకుంటా."

"ఎందుకు?" అంది కున్నేయ్.

"నువ్వు రానన్నావు కదా."

"నేను రానన్నాను. నిన్ను ఉండొద్దన్నానా?"

ఆ మాట అని, గునపం గోడకి ఆనించి, ఇంట్లోకి వెళ్లిపోయింది, వెనకే అగ్రాఫెనా కూడా. ఆ మాటకి అర్థం ఒకటో రెండో తేల్చుకోలేక అఫోన్యా అలాగే నిలబడ్డాడు. తెరిచిన గుమ్మంలోంచి లోపలి వేడి తెల్లటి పొగలా బయటికి పోతోంది.

"ఎవర్రా అక్కడ, తలుపెయ్యండి! ఇల్లంతా చల్లబడిపోతోంది!" అని అగ్రాఫెనా లోపల్నుంచి కేక వేసింది.

అఫోన్యా వెళ్లి తలుపు వేశాడు. లోపలి వైపునుంచి.