బొగ్గు కాటుక

మొన్న సాయంత్రం మా చెల్లెలి మనవడు పక్కన కూర్చుని ఫోనులో ఒక వీడియో చూపించాడు. హైదరాబాదులో ఏదో వేదిక మీద, మోదుగుపూలూ ఎండుటాకులూ కుట్టిన పెద్ద గౌనులో, కళ్లకు దట్టంగా కాటుక పెట్టుకున్న ఒక కుర్రవాడు నడుస్తుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. దీన్ని డ్రాగ్ అంటారనీ, ఇదొక కళ అనీ వాడు నాకు పాఠం చెప్పాడు. బాగుందన్నాను గానీ, నిజం చెప్పొద్దూ, ఒళ్లు మండింది.

మన కాలపు గోదావరిఖని మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. దసరా సాయంత్రం బొగ్గుగని కార్మికుల కాలనీ స్టేజీ మీద మగపిల్లలు ఆడవేషాలు కట్టడం మామూలే, షిఫ్టు దిగినవాళ్లు కూడా ముఖం కడుక్కుని వచ్చి ముందు వరుసలో కూర్చునేవారు. ఒక ఏడు నేను బతుకమ్మకు పోగా మిగిలిన తంగేడుపూలనూ, రంగులద్దిన గునుగుపూలనూ అమ్మ పాత చీర మీద ఒక్కొక్కటే కుట్టి, మోదుగాకులతో భుజాలకు రెక్కలు కట్టుకుని, కాటుక దిద్దుకుని స్టేజీ ఎక్కాను. ఈలలు వేశారు, మా నాన్న కూడా నవ్వాడు. అంతవరకూ తప్పులేదు, తెల్లారేసరికి మాత్రం వేషం విప్పెయ్యాలి. నేను విప్పలేకపోయాను. నాకది వేషమైతే కదా, మిగతా రోజుల్లో ప్యాంటూ చొక్కాతో తిరగడమే నాకు వేషం. పొద్దున్నే ఆ చీరతోనే, కాటుక చెరపకుండా, బిందె పట్టుకుని నల్లా దగ్గర ఆడవాళ్ల వరుసలో నిలబడ్డాను. ముందురోజు ఈలలు వేసినవాళ్లే కాండ్రించి ఉమ్మారు.

నాన్న చెంప మీద కొట్టి, తడిగుడ్డతో నా కళ్లు ఎర్రబారేదాకా రుద్దాడు. అప్పటికే ఆయన ఆయాసంతో నాలుగడుగులు వెయ్యలేకపోతున్నాడు. బొగ్గుబాయి పనికి తాను అన్‌ఫిట్ అని డాక్టర్లు తేలిస్తే ఆ ఉద్యోగం ఒక్కగానొక్క కొడుకునైన నాకు రావాలి, నేను వద్దంటే కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి ఇంటిల్లిపాదీ రోడ్డున పడాలి.

"నా నౌకరి నీకిస్త. గాని గీ పూలు, గీ కాటుక ఇయ్యాల్టితోని బందు చెయ్యాలె," అన్నాడు.

అమ్మ నా వైపు చూసింది. చీరను నేనే పొయ్యిలో పెట్టాను.

బాయిలో దిగిన కొత్తలోనే గమనించాను, షిఫ్టు దిగి సబ్బుతో ఎంత తోముకున్నా రెప్పల అంచున బొగ్గుపొడి పోయేది కాదు. అద్దంలో చూసుకుంటే, అచ్చం దిద్దినట్టే కాటుక. అందరి కళ్లూ అంతే కాబట్టి ఎవరికీ అది తప్పుగా కనబడలేదు. నాన్న కూడా ఎదురుగా కూర్చుని అన్నం తింటూ ఆ కళ్లలోకే చూసేవాడు, తుడవమని అనేవాడు కాదు. ఆ ఒక్కదానితోనే నా సర్వీసంతా వెళ్లదీశాను. పెళ్లి మాటెత్తినవాళ్లను కసిరాను, వెనకాల ఆడంగోడని అనుకునే మాటలు చెవిన పడనట్టే నడిచాను.

ఇప్పుడు మేము పూలు కోసుకొచ్చిన తంగేడు పొదల చోట ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్టలు లేచాయి, బతుకమ్మకు పూలు బజారులో కొంటున్నారు. కాలం మారింది, మంచిదే అంటారు నా తోటివాళ్లు. ఎవరికి మంచిది? వీడియో అయిపోయాక మనవడు సరదాకి, "తాతా, నువ్వు గిట్ల వేసుకుంటవా?" అని అడిగాడు. ముఖం కడుక్కునే నెపంతో లేచి వెళ్లి అద్దం ముందు నిలబడ్డాను. రిటైరైన కొన్నాళ్లకే రెప్పల్లోని ఆ బొగ్గు కూడా పోయింది. చప్పట్లు కొట్టే జనం వచ్చారు గానీ, వాళ్లకు చూపించడానికి నా ముఖంలో ఏమీ మిగల్లేదు.