ఆల్చిప్ప ఊపిరి

శనివారం పొద్దున్నే నెయిజి ఫ్లాస్కు నిండా కాఫీ, డబ్బా నిండా చీజు బన్నులు సర్దుకుని కారెక్కిందంటే ఒస్వాల్దోకి సంగతి అర్థమైపోయేది. ఈ వారం కూడా బురుజు వేటే.

"ఈసారి ఎటు?"

"సముద్రం పక్కనే పోనీ. ఎక్కడైనా ఆగి అడుగుదాం."

"అడుగు తల్లీ, అడుగు. మళ్ళీ ఆల్చిప్పలే తినిపిస్తారు."

మొగుడూ పెళ్ళాం బ్రెజిల్ నుంచి జపాను వచ్చి తొయామా రేవు పక్కన, కిటికీలకు అల్యూమినియం చట్రాలు చేసే ఫ్యాక్టరీలో కుదురుకున్నారు. తోటి బ్రెజిల్ వాళ్ళంతా సెలవు రోజున ఏటి ఒడ్డుకు చేరి మాంసం కాల్చుకుంటూ పాటలు పెట్టుకునేవారు. వీళ్ళిద్దరూ రోడ్డు పట్టుకునేవారు. చుట్టుపక్కల వీళ్ళు చూడని గుడి లేదు, జలపాతం లేదు, ఎండాకాలంలోనూ మంచు గోడలు కరగని కొండదారి లేదు. అయితే అవన్నీ దారిలో తగిలినవి. నెయిజి వెతుకుతున్నది ఒక్కటే, కైయగురా.

అది వాళ్ళ అమ్మమ్మ మాట. బాచ్చన్ అని పిలిచేవాళ్ళు ఆవిడని. సవె బాచ్చన్ పదమూడేళ్ళ పిల్లగా ఓడెక్కి ఇదే తీరం నుంచి బ్రెజిల్ వెళ్ళింది. కాఫీ తోటల్లో నడుం వంచింది, ఏడుగురిని కన్నది, మరీలియా ఊళ్ళోనే మట్టిలో కలిసింది. ఎర్రమట్టి తప్ప చుక్క ఉప్పునీరు కనబడని ఆ ఊళ్ళో కూర్చుని, "మా సముద్రం మీద ఒక్కోరోజు ఊరు లేచేది" అని చెప్పేదట. బురుజులు, గోడలు, ఒకదాని నెత్తిన ఒకటి తలకిందులుగా నిలబడేవట. కాసేపు ఉండి పోయేదట. దాని పేరు కైయగురా.

వలస వచ్చిన జపాను వాళ్ళు కూడా నమ్మలేదు, వాళ్ళది వేరే తీరం. తాతయ్య నలుగురిలో నోరు ముయ్యమన్నాడు. పిల్లలు ఆవిడకి 'అబద్ధాల బాచ్చన్' అని పేరు పెట్టారు. ఆ తరవాత ఆవిడ ఆ ఊసు ఎత్తలేదు. పోయాక కూడా పేరు మాత్రం పోలేదు. ఇంట్లో ఎవరైనా కోతలు కోస్తే "ఏంటి, కైయగురా చూశావా?" అనడం వాడుకైపోయింది. నెయిజి తల్లి అమేలియా నోట కూడా అదే మాట.

ఆ మాట వాడుకలోంచి తీసెయ్యాలని నెయిజి పంతం. అదీ జూన్ లోపల. జూన్‌లో ఇక్కడ పని ముగించుకుని బ్రెజిల్ వచ్చేస్తామని ఇంటికి మాట ఇచ్చేశారు. రోజులు లెక్కపెట్టుకుంటున్నది అమేలియానే.

వెతకడంలో ఉన్న తిప్పలు వేరు. ఒస్వాల్దోది పూర్తిగా బ్రెజిల్ ముఖం. నల్లగా, పొడుగ్గా, గుబురు గడ్డంతో ఉంటాడు. అతను జపాను భాషలో రెండు ముక్కలు తప్పుగా అన్నా "అబ్బ, ఎంత బాగా మాట్లాడుతున్నారో!" అని చప్పట్లు కొట్టినంత పని చేసేవారు. నెయిజిది అచ్చంగా జపాను ముఖం. ఆమె బోర్డు చదవలేక తడబడితే, పాపం ఏదో లోపం ఉన్నట్టుందని జాలిగా చూసేవారు. పైగా ఆమెకి వచ్చిన భాషంతా బాచ్చన్ దగ్గర నేర్చినది. రైలుని పొగబండి అనేది, మరుగుదొడ్డికి ఇప్పుడెవరూ పైకి అనని మోటు పేరు వాడేది. ఎనభయ్యేళ్ళ పల్లెటూరి ముసలమ్మ మాటలు ముప్ఫైయేళ్ళ పిల్ల నోట వినేసరికి దుకాణాల్లో ఆడపిల్లలు ముఖాలు చేతుల్లో దాచుకుని నవ్వేవారు.

అందుకే సముద్రం మీద ఊరు లేస్తుందన్న కథ ఎవరితోనూ చెప్పేది కాదు. ఇక్కడ కూడా అబద్ధాల పేరు తెచ్చుకోవడం దేనికి? "కైయగురా ఎక్కడుందండీ?" అని పేరు మాత్రం అడిగేది.

కై అంటే ఆల్చిప్ప. యగురా అంటే బురుజు. విన్నవాళ్ళు ఒక్క క్షణం ఆలోచించి, చేతులు రెండూ చాపి, ఎంతో మర్యాదగా ఆల్చిప్పలు కాల్చి పెట్టే హోటలుకి దారి చూపేవారు. ఒకాయన కారు వెంట పరిగెత్తుకొచ్చి మరీ చూపించాడు. ఫోనులో వెతికితే ఆ పేరుతో ఒక సారా కొట్టు దొరికింది. దాని ముందు వెదురుతో కట్టిన బురుజు బొమ్మ కూడా ఉంది. ఆ రోజు ఒస్వాల్దో నవ్వి నవ్వి కారులోనే కూలబడ్డాడు.

"దొరికిందిగా మీ బాచ్చన్ పట్నం! లోపల బీరు కూడా ఉందట, పద."

"నవ్వు. నీ నోట్లో ఆల్చిప్ప ఇరుక్కోవాలి."

ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఉఓజు ఊళ్ళో అలాంటి ఆల్చిప్పల కొట్టులోనే కూర్చున్నారు. కొట్టువాడి తల్లి కినువె, పండు ముసలిది, గుమ్మంలో చేపలు ఆరబెడుతోంది. నెయిజి అలవాటుగా అడిగింది. ముసలామె చెయ్యి ఆగిపోయింది.

"ఏమన్నావు? మళ్ళీ అను."

"కైయగురా."

"ఎవరు నేర్పారే అమ్మాయ్ నీకా మాట? మా అత్త పోయాక నేను ఎవరి నోటా వినలేదు!"

"మా బాచ్చన్. ఈ తీరందే. బ్రెజిల్ పోయింది."

కినువె ఇద్దరి ముందున్న చిప్పల గుట్ట చూసింది. ఉన్నట్టుండి పగలబడి నవ్వింది. "ఓసి పిచ్చి మొహమా, దాన్ని తినడానికి వెతుకుతున్నావా? అది తినేది కాదే, ఊపిరి! సముద్రం అడుగున పెద్ద ఆల్చిప్ప ఉంటుంది. ఎండకి నోరు తెరిచి ఊపిరి వదుల్తుంది. ఆ ఊపిరి మీద నిలబడుతుంది ఊరు. ఇప్పుడు దాన్నెవరూ అలా అనరులే. ఎండమావి అంటారు. మా కొట్టు వెనక గట్టు మీద కెమెరాలు పెట్టుకుని కాస్తున్నారే, అందరూ దానికోసమే."

ఒస్వాల్దో నెమ్మదిగా చిప్ప కింద పెట్టాడు.

"అంటే... నిజంగా వస్తుందా?"

"నిజంగా ఏమిటయ్యా! అవునూ, నువ్వు మన భాష ఎంత బాగా మాట్లాడుతున్నావో!" అంది ముసలామె.

కొండ మీద మంచు కరిగి సముద్రంలో కలిసే రోజులు. నీళ్ళు చల్లగా ఉండి, పైన ఎండ వెచ్చగా కాసి, గాలి వీచీ వీచనట్టు ఉంటే వస్తుందని చెప్పింది కినువె. "అయితే దాని ఇష్టం. ఆహ్వానిస్తే వచ్చే చుట్టం కాదది."

ఆ తరవాత ప్రతి సెలవురోజూ ఆ గట్టు మీదే. ఒక వారం వాన. ఒక వారం హోరుగాలి. మరో వారం ఎండ బాగా కాసింది, అద్దంలాంటి నీళ్ళు, కానీ ఏమీ లేదు. కినువె ఎదురొచ్చి చెప్పేది: "అయ్యో, మంగళవారం వచ్చింది! ఎంత బాగా వచ్చిందనుకున్నావు!" మంగళవారం నెయిజి రేవు ఒడ్డున చట్రాలకి రబ్బరు బిగిస్తూ నిలబడి ఉంది. ఇంకోసారి గురువారం వచ్చిందట.

"మీ ఆల్చిప్పకి కూడా శని ఆదివారాలు సెలవేమో," అన్నాడు ఒస్వాల్దో.

నెయిజి నవ్వలేదు. అతను మళ్ళీ ఆ మాట అనలేదు. కాఫీ పోసి ఆమె చేతికిచ్చాడు.

మే నెల ఆఖరి ఆదివారం. ఆ ఏటికి ఇక అంతే, నీళ్ళు వేడెక్కిపోతున్నాయి అన్నారు గట్టు మీది వాళ్ళు. మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. ఉన్నట్టుండి ఎవరో "వచ్చింది!" అన్నారు, వీధి చివర బస్సు కనబడినంత మామూలుగా. అందరూ లేచారు.

నెయిజి కళ్ళకి ఏమీ కనబడలేదు. దూరాన అవతలి ఒడ్డు గీత కాస్త లావెక్కినట్టుందంతే. పక్కనున్న పెద్దాయన తన దుర్భిణి ఆమె చేతిలో పెట్టాడు.

గీత గీత కాదు. గోడ. నీళ్ళలోంచి నిట్టనిలువుగా లేచిన గోడ. చూస్తూ ఉండగానే అది బురుజులుగా చీలింది. ఒక్కో బురుజు నెత్తిన తలకిందులుగా ఇంకో బురుజు వచ్చి కూర్చుంది. రెంటి మధ్యా సన్నగా వెలుగు. అంతా కొద్దికొద్దిగా కదులుతోంది, నిద్రపోతున్న మనిషి గుండెలా.

కాసేపటికి ఒక బురుజు మీద పట్టీలు కనబడ్డాయి. ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. ఆ వరస ఆమెకి తెలుసు.

"ఒస్వాల్దో," అంది, "అది మన ఫ్యాక్టరీ పొగగొట్టం."

అతను దుర్భిణి లాక్కున్నాడు. "పిచ్చా నీకు..." అంటూనే ఆగిపోయాడు. చాలాసేపు తియ్యలేదు కళ్ళ మీంచి. తీసేసరికి గడ్డం తడిసి ఉంది. "రేవు వంతెన కూడా ఉందే," అన్నాడు. "ఆకాశం దాకా ఉంది. రోజూ మనం దాని కింద నుంచే కదే వెళ్ళేది!"

బాచ్చన్ చూసిన నాటికి అక్కడ ఏ చెట్లు, ఏ పెంకుటిళ్ళు ఉండేవో. పదమూడేళ్ళ పిల్ల ఈ గట్టు మీదే నిలబడి చూసింది ఆ ఒడ్డునే. ఇన్ని నెలలుగా నెయిజి అక్కడే నిలబడి కిటికీలు బిగిస్తూ, ఆ ఊరెక్కడుందా అని వెతికింది.

ఆ సాయంత్రం, అక్కడ బ్రెజిల్‌లో పొద్దు పొడిచాక, తల్లికి ఫోను చేసింది. అమేలియా వంటింట్లో కాఫీ వడకడుతోంది.

"అమ్మా, బాచ్చన్ అబద్ధం చెప్పలేదు. చూశాను."

"ఫోటో ఏది?"

పంపింది. నీళ్ళ మీద సన్నటి మసక గీత.

"ఇదా?"

"ఫోనులో పడదమ్మా అది. దుర్భిణిలో చూడాలి."

"అలాగే తల్లీ. నీక్కూడా ఆ పిచ్చి పట్టుకుందన్నమాట. నువ్వు ఆవిడ మనవరాలివి, నీ సాక్ష్యం చెల్లదు. మీ ఆయనకివ్వు."

ఒస్వాల్దో ఫోను తీసుకున్నాడు. "అత్తగారూ, ఒట్టు. మేం పనిచేసే ఫ్యాక్టరీ దాని నెత్తి మీద అదే ఎక్కి నిలబడింది. సముద్రంలోంచి. కదులుతోంది కూడా."

"నువ్వు అరచెయ్యంత చేప పడితే మొసలి అని చెప్పినవాడివి కాదూ?"

అతను ఫోను నెయిజి చేతిలో పెట్టేశాడు. దుర్భిణిలో అంత నిజంగా ఉన్నది నోటితో చెప్పేసరికి అబద్ధంలాగే ఉంది. బాచ్చన్‌కీ ఇలాగే అయి ఉంటుంది. కోపమో ఏడుపో తెలియక నెయిజి, స్పీకరు వేసే ఉన్న ఫోనుని బల్ల మీద పెట్టేసింది.

అవతల చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు.

"మీరు జూన్‌లో రావడం మరీ అంత అవసరమా?" అంది అమేలియా ఉన్నట్టుండి.

"నువ్వే కదమ్మా రమ్మన్నది!"

"అన్నాన్లే. అక్కడ వచ్చే ఏడు ఏప్రిల్‌లో చలెక్కువగా ఉంటుందా? ఉన్నిది ఏదైనా తెచ్చుకోవాలా నేను?"