ఇంజను గొంతులో అక్షింత

మా అబ్బాయి రవి తన చేతులతో చేసిన జానెడు ఆవిరి రైలింజను ఈ రోజు నన్ను ఏడిపించి, తర్వాత నవ్వించింది. గని వర్క్‌షాపులో వాడు ఫిట్టరు. డ్యూటీ దిగి వచ్చాక ఇత్తడి గొట్టాలు కోసి దీన్ని చేశాడు. దసరా మరునాడు నడపడం వాడి అలవాటు. వాడు పోయాక ఇదే మొదటి దసరా. ఇది కూడా ఆగిపోతే ఇంట్లో వాడి చప్పుడే ఉండదని, నేనే నీళ్లు పోసి కింద స్పిరిట్ దీపం ముట్టించాను. బుస్సుమంది, చక్రాలు వణికాయి, అంతే.

"ఖతం. ఇగ పాత సామాన్ల ఎయ్యి," అన్నాడు మా ఆయన. ముందు నిన్నే వేస్తానన్నాను.

రవితో పనిచేసిన ఖాజాను పిలిచాను. పొగగొట్టంలో ఆవిరి బయటికి పోయే సన్న రంధ్రాన్ని సూదితో కెలికాడు. ఉడికిన పచ్చటి మెతుకు ఒకటి ఊడిపడింది.

"అమ్మా, గిదేంది?"

"నిన్న ఆయుధపూజ చేసిన గద బిడ్డా. అక్షింతలు ఏసిన."

"నెత్తి మీద ఏస్తరు గానీ గొంతుల పోస్తరా? ఇంజన్ల బువ్వ వండినవ్ గదమ్మా!"

మళ్లీ దీపం పెట్టగానే చుక్‌చుక్‌మంటూ అరుగు మీద ఉరికి, మా ఆయన చాయ్ గ్లాసును పడగొట్టింది. రవి కూడా అంతే, ఆగమంటే ఆగేవాడు కాదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

వచ్చే దసరాకు దీనికి అక్షింతలు వేయాలా, వద్దా? మీరే చెప్పండి. వద్దన్నా వేస్తాను, సూది మాత్రం దగ్గర పెట్టుకుంటాను.