అల్ మవాలే స్టేషన్ మాస్టరు

ఒమాన్‌లో రైలు లేదు. మస్కట్ నుంచి నిజ్వా పోవాలంటే బస్సెక్కాలి, సోహార్ పోవాలంటే కంపెనీ పికప్ వెనక కూచోవాలి. రైలు పట్టా అన్నది ఆ నేల మీద వెతికినా కనిపించదు. అయినా మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి పోయిన నర్సింగ్ అక్కడ నాలుగేళ్ళు రైలు నడిపాడు. నడుపుతున్నాడని ఊళ్ళో అతని భార్య శాంతమ్మ నమ్మింది, వాడకట్టంతా నమ్మింది, అందరికంటే గట్టిగా నర్సింగే నమ్మాడు.

ఆ రైలు ఇంజను మూరెడు కూడా ఉండదు. డబ్బాలన్నీ తగిలించి నిలబెడితే మంచమంత పొడవు. రేకుతో చేసి చేత్తో రంగులేసిన సరుకు, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లండులో తయారైంది. కరెంటుతో నడుస్తుంది. అల్ మవాలేలో ఉన్న యజమాని ఇంట్లో, వెనక గదిలో మూడు బల్లలు కలిపి పరిచి, వాటి మీద గుండ్రంగా పట్టాలు బిగించారు. రైలు ఆ బల్లల చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వస్తుంది. నర్సింగ్ ఉద్యోగమూ అటువంటిదే.

అతను 1989లో హెల్పర్ వీసా మీద వచ్చాడు. అప్పటికి శాంతమ్మ కడుపుతో ఉంది. ఏడాది పాటు సైట్ మీద సిమెంటు బస్తాలు మోశాడు, ఇనుప చువ్వలు వంచాడు. జూన్ నెలలో ఆ చువ్వను వట్టి చేత్తో ముట్టుకుంటే చేతి తోలు చువ్వకే ఉండిపోతుంది. ఆ కంపెనీ యజమాని సాలిం. యజమానిని అక్కడ అర్బాబ్ అంటారు. సాలిం అర్బాబ్ దగ్గర ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఉండేవాడు. ఆ రైలు అతని తండ్రిది. ఒక గురువారం అతని ఇంటికి భోజనానికి పోయిన అర్బాబ్, రైలు కూత పెట్టుకుంటూ తిరగడం చూసి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. అప్పుడు ఇంజనీరు కాంట్రాక్టు ముగింపుకొచ్చి ఉంది. మరుసటి వారం రైలు అర్బాబ్ ఇంటికి చేరింది, కాంట్రాక్టు ఇంకో మూడేళ్ళు సాగింది. తండ్రి జ్ఞాపకానికి కొడుకు ఇవ్వగల గౌరవం అంతకన్నా ఏముంటుంది?

పెట్టెలు మోసుకొచ్చిన పికప్‌లో నర్సింగ్ ఉన్నాడు. రైలును చూసుకునే మనిషి ఒకడు కావాలని ఇంజనీరు అన్నాడు. అర్బాబ్ చుట్టూ చూసి, దగ్గరగా నిలబడ్డవాణ్ని వేలెత్తి చూపించాడు. లోకంలో చాలా పదవులు ఇలాగే వస్తాయి.

చదువంతా ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. పట్టాల మీద మడ్డి పేరుకోకుండా స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడవాలి. ఇరుసు మీద ఒక్క చుక్క నూనె వేయాలి, రెండో చుక్క పడితే అది మోటారులోకి దిగుతుంది. ఉన్న మూడు ఇంజన్లలో ప్రతిదాని కడుపులో చింతగింజలో సగం ఉండే బొగ్గు ముక్కలు రెండుంటాయి, వాటిని స్ప్రింగులు నొక్కి పట్టుకుంటాయి, మోటారుకు కరెంటు వాటి గుండానే అందుతుంది. అవి అరిగితే రేకు డబ్బీలో ఉన్న కొత్తవి వేయాలి. అంతే. ఇంకొక్క మాట కూడా చెప్పాడు ఇంజనీరు. సముద్రపు గాలికి రేకు తుప్పు పడుతుంది కాబట్టి గదిలో ఏసీ రాత్రింబవళ్ళు నడవాలి.

ఆ ఆఖరి మాటే నర్సింగ్ జాతకం మార్చింది. కంపెనీ రూమ్‌లో ఎనిమిది మందికి ఒక్క ఫ్యాను. రైలు గదిలో రేకు డబ్బాలకు ఏసీ. నర్సింగ్ చాప తెచ్చుకుని బల్ల కింద పడుకున్నాడు. ఆ రైలు తిరిగినంత కాలం తనకు సైట్ లేదు, ఎండ లేదు, చువ్వ లేదు. ఈ విద్య ఇంకొకడికి వచ్చిందా, ఆ చాప మీద ఇంకొకడు పడుకుంటాడు.

అందుకని ఆ కాస్త విద్యను అతను వేదం కంటే భద్రంగా దాచాడు. గురువారం సాయంత్రం అర్బాబ్ స్నేహితులు రాకముందు గంటసేపు తలుపేసుకుని ‘సర్వీసింగ్’ చేసేవాడు. అయిదు నిమిషాల పని. మిగతా యాభై అయిదు నిమిషాలు కునుకు తీసేవాడు. ఎవరూ అడక్కుండానే ఆకుపచ్చ గుడ్డతో జెండా కుట్టుకున్నాడు, సూక్‌లో, అంటే అక్కడి బజారులో, విజిల్ కొన్నాడు. అతిథులు కహ్వా కాఫీ తాగుతూ, హల్వా తింటూ వ్యాపారం మాట్లాడుకుంటుంటే, గదిలో ఒక మూల నిలబడి జెండా ఊపేవాడు. మొదటి ఏడాది వాళ్ళు రైలు వైపు చూశారు. తర్వాత తర్వాత చూడటం మానేశారు. నర్సింగ్ మాత్రం ఊపడం మానలేదు.

అర్బాబ్ కారు నడిపే ముర్తుజాది కడప. అతనొక్కడే ఆ గదిలోకి తొంగి చూసేవాడు.

“అన్నా, రోంత నేర్పియ్యన్నా. నువ్వు ఛుట్టీ పోతే నేను చూసుకుంటా. కారు నడిపేటోనికి ఇదొక లెక్కనా?”

“కారుకు స్టీరింగుంటది భాయ్. దీనికున్నదా? లేదు. దీన్ని మనసుతోటి నడపాలె.”

“మనసుతోనా? మరి ఆ మీట ఎందుకు తిప్పుతాండావుబ్బా?”

“మీట పైకి కనవడేది. అసలు పని లోపలుంటది. ఇంగ్లీషోడు నాతోటి ఒట్టేపిచ్చుకున్నడు, ఇంకొకనికి చెప్పద్దని.”

ఇంగ్లీషువాడు వేయించుకున్న ఒట్టేమీ లేదు. నూనె ఎక్కువ పోస్తే చెవి మెలేస్తానన్నాడు, అంతే.

రెండేళ్ళకొకసారి ఊరికి పోవడానికి ఇచ్చే ఛుట్టీ మొదటిసారి వచ్చినప్పుడు నర్సింగ్ వదులుకున్నాడు. అర్బాబ్ పంపనంటున్నాడని ఇంటికి చెప్పాడు. నిజానికి అడగనే లేదు. 1994 ఎండాకాలంలో శాంతమ్మ నుంచి క్యాసెట్ వచ్చింది. టేప్‌రికార్డర్ ముర్తుజాది కాబట్టి అతని ముందే వినాల్సి వచ్చింది.

“ఇగో, ఇంటున్నవా? నీ కొడుకు రాజేశానికి ఐదో ఏడు వడ్డది. వాడు కడుపుల ఉన్నప్పుడే మొక్కితివి, ఎములాడ రాజన్న కాడ దగ్గరుండి పుట్టెంటికలు తీపిస్త అని. మూడో ఏడు రమ్మంటే రైలు అంటివి. ఇప్పుడు పోరని జుట్టు నడుముల దాక అచ్చింది. రెండు జడలేసి బడికి తోలుతున్న. ఆడివిల్లలు పక్కన కూసోవెట్టుకొని పూలు వెడుతున్నరు. పేన్లు సూడలేక నా గోర్లరిగినయి. ఏమయ్యా, గా దేశపోల్లంత నీ రైలే ఎక్కి తిరుగుతుండ్రా? నువ్వు దిగితే ఆల్లంత ఏడోల్లాడ ఆగిపోతరా? ఈసారి రాకుంటె నేనే తీస్కపోయి తీపిస్త. మొక్కు తప్పిన పాపం నీకే.”

చివర్లో చిన్న గొంతు వినిపించింది. “బాపూ, నాకు జడలద్దు.”

ముర్తుజా నవ్వుతూ నవ్వుతూ ఆ గొంతు దగ్గర ఆగిపోయాడు. “పోన్నా. పిల్లోని కోసరమన్నా పో.”

“అర్బాబ్ ఇడిస్తె గద భాయ్!” అన్నాడు నర్సింగ్. అన్నాడు గానీ ఆ చిన్న గొంతు అతన్నీ వదల్లేదు. అడగాలనే నిర్ణయించుకున్నాడు.

అడగటానికి వారం రోజులు తయారయ్యాడు. అర్బాబ్ మొహం వాడిపోతుంది. బతిమాలతాడు. “నాక్కూడ కష్టంగనే ఉన్నది అర్బాబ్” అని తను అనాలి. నెల చాలంటాడు, తను రెండు నెలలకు పట్టుబట్టాలి. గురువారం అతిథులు లేచిపోయాక, జెండా చుట్టి చంకలో పెట్టుకుని అర్బాబ్ ముందు నిలబడ్డాడు. అర్బాబ్ నారింజ పండు వలుస్తున్నాడు.

“ఛుట్టీనా? రూహ్, రూహ్,” అన్నాడు. పో, పో అని. “దో మహీనా. టికెట్ ఆఫీసులో తీసుకో.”

నర్సింగ్ కదల్లేదు. “అర్బాబ్... రైలు?”

“రైలా?” అర్బాబ్ గింజ ఊశాడు. “ముర్తుజా స్విచ్ వేస్తాడు. వాడికి చూపించి పో.”

ఆ పూట నర్సింగ్‌కు అన్నం సయించలేదు. అర్బాబ్ ఛుట్టీ ఇవ్వనని ఉంటే తను పెద్దవాడయ్యేవాడు, ఇచ్చి చిన్నవాణ్ని చేశాడు. శుక్రవారం కంపెనీ రూమ్‌లో వాళ్ళు చుట్టూ చేరి “ఎట్ల ఒప్పిచ్చినవన్నా?” అని అడిగితే, “పోవద్దని చెయ్యి వట్టుకున్నడు. కండ్లల్ల నీళ్ళు వెట్టుకున్నడు. నేనే గట్టిగ నిలవడ్డ,” అని చెప్పాడు.

ముర్తుజాకు మీట చూపించాడు. మీట మాత్రమే చూపించాడు. విమానం ఎక్కే రోజు పొద్దున తలుపేసుకుని, మూడు ఇంజన్ల కడుపుల్లోంచి బొగ్గు ముక్కలు ఊడదీశాడు. స్ప్రింగులూ తీశాడు. కొత్తవి ఉన్న డబ్బీ ఖాళీ చేశాడు. అన్నిటినీ దూదిలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లెక్క స్పష్టంగా ఉంది. గురువారం అతిథులొస్తారు. ముర్తుజా మీట తిప్పుతాడు. రైలు కదలదు. ముర్తుజా పరువు పోతుంది, అర్బాబ్‌కు తన విలువ తెలిసొస్తుంది. రెండు నెలలు తన పేరే తలుచుకుంటాడు. తిరిగొచ్చి తలుపేసుకుంటే ఒక్క నిమిషం పని, చాప తనది తనకే.

లెక్కలో అర్బాబ్ తీరును మాత్రం వేసుకోలేదు. రైలుకు ముందు ఆ గదిలో గోడంత చేపల తొట్టి ఉండేది. పంపు చెడిపోతే అర్బాబ్ పంపు బాగుచేయించలేదు, తొట్టి బయట పారేయించాడు. దాన్ని మోసి పారేసిన నలుగురిలో నర్సింగ్ ఒకడు.

వేములవాడలో కల్యాణకట్ట దగ్గర రాజేశం తండ్రి ఒళ్ళో కూచోనన్నాడు, తల్లి కొంగు పట్టుకున్నాడు. ఎట్లాగో కూచోబెట్టారు. కత్తి పడుతుంటే నడుముదాకా ఉన్న జుట్టు గుత్తులు గుత్తులుగా రాలింది. పిల్లవాడు బోడి నెత్తి తడుముకుని కిలకిలా నవ్వాడు. ఆ నవ్వు నర్సింగ్ వినలేదు. అతను చేతి గడియారం చూసుకుంటున్నాడు.

“ఇయ్యాల గురువారం,” అన్నాడు మంగలితో. “ఈ యాల్లకు ఆడ మా అర్బాబ్ తల వట్టుకొని కూసుంటడు.”

“నీ కొడుకు తల గొరుగుతున్నరు, గిటు సూడు,” అంది శాంతమ్మ.

రెండు నెలలయ్యాక సీబ్ విమానాశ్రయంలో దిగాడు. ముర్తుజా పికప్ తెచ్చాడు. నర్సింగ్ ముందు సీట్లో కూచుని, సంతోషం గొంతులో బయటపడకుండా అడిగాడు.

“రైలు మంచిగున్నదా భాయ్?”

“యాడుండాదన్నా రైలు!”

“అంటే?”

“నువ్వు పోయినాక మొదటి గురువారం నేను తిప్పితే కదల్లా. అర్బాబ్ తిప్పినాడు, కదల్లా. ఇంజను నెత్తిన రెండేట్లు కొట్టినాడు, ఖలాస్ అన్యాడు. ఆడ కూర్చున్న దోస్తు ఒకాయన డిష్ పెట్టించుకో అన్యాడు. శనివారానికి మిద్దె మింద డిష్ లేసింది. బల్లలు తీసేసినారు, ఇంత పెద్ద టీవీ పెట్టినారు. కుస్తీలు చూస్తాండారన్నా అంతా.”

“మరి రైలు?”

“అర్బాబ్ చెల్లెలి పిల్లోల్లు తీసకపాయిరి. తాడు కట్టి ఇసకలో ఈడుస్తాండారు.”

నర్సింగ్ కిటికీ బయటకు చూశాడు. “భాయ్, మవాలే టర్నింగు దాటిచ్చినవు.”

“దాటిచ్చినా. నిన్ను సోహార్ సైటు కాడ దింపి రమ్మన్యారు.”

నర్సింగ్ చేయి దానంతటదే జేబులోకి పోయింది. దూది ఉండ తీసి విప్పాడు. “ఇగో, ఇవి! ఇవి ఏస్తె నిమిషంల నడుస్తది. బండి తిప్పు. అర్బాబ్‌కు నేను చెప్త.”

ముర్తుజా ఆ నల్ల ముక్కలను చూశాడు, రోడ్డును చూశాడు, మళ్ళీ ముక్కలను చూశాడు.

“నువ్వే పీకినావా?”

నర్సింగ్ ఒక ముక్కకు అంటుకున్న దూది పోగును గోటితో తీశాడు.

“ఎనిమిది మంది ముందర నా మొగం మాడిపాయ గదన్నా. అయినా బల్లలు తీసేసేటప్పుడు నేనేమన్యానో తెల్సునా? ఆగండి సాబ్, నర్సింగన్న వస్తే నడుస్తాదన్యా. నర్సింగ్ ఎవడన్యాడు అర్బాబ్. రైలోడు సాబ్ అన్యా. రైలే లేదు గదా అన్యాడు.”

రోడ్డుకు ఒక పక్క ఖర్జూర తోటలు, ఇంకో పక్క బూడిద రంగు కొండలు వెనక్కి పోతున్నాయి. నర్సింగ్ అరచేతిలో దూది అట్లాగే తెరిచి ఉంది. ముర్తుజా కోపం చాలాసేపు నిలిచేది కాదు. కాసేపయ్యాక మామూలుగానే అడిగాడు.

“సర్లే, అయిపాయ. ఇంతకీ అవి యాడ పెడతారన్నా? ఇంజను కిందనా, పక్కనా?”

నర్సింగ్ గుప్పిట మూసుకున్నాడు.

“నీకెందుకు భాయ్ గదంత?”

ముర్తుజాకు నవ్వు ఆగక స్టీరింగు వణికింది. బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు.