అమీనుద్దీన్ జవాబు

సిద్దిపేట బస్టాండు వెనక సందులో బట్టలు కుట్టే అమీనుద్దీన్‌ను రోజూ ఎవరో ఒకరు అదే అడుగుతారు. "మాస్టర్, నీ లెక్కల కపిల్ గొప్పోడా, ఇమ్రాన్ గొప్పోడా?" అడిగినవాడు జవాబు వినడు, ముఖం చూస్తాడు. పాకిస్తాన్‌తో క్రికెట్ ఆటలున్న రోజుల్లో పక్క దుకాణాల వాళ్లూ తలలు తిప్పి చూస్తారు. అమీనుద్దీన్ మిషను తొక్కే కాలు ఆపడు, పెదాల మధ్య సూది తీయడు. "మార్షల్" అంటాడు. వెస్టిండీస్ బౌలరుతో ఎవరికీ పేచీ లేదు. నాలుగేళ్లుగా ఇదే జవాబు. అందులోని విసుగు కూడా అరిగిపోయింది.

మొన్న బెజ్జంకి నుంచి బదిలీ మీద వచ్చిన డ్రాయింగు సారు దత్తాత్రి, చొక్కాకు కొలతలిస్తూ వేరేగా అడిగాడు. "బాల్ ఏసేటప్పుడు ఇద్దరు ఉరికొచ్చుడు ఎట్ల వేరు మాస్టర్?"

అమీనుద్దీన్ సూది తీసి పక్కన పెట్టాడు. "కపిల్‌కు అలుపు లేదు సార్. పక్కకు తిరిగి ఏస్తడు, బాల్ బయటికి జారుకుంటది. ఇమ్రాన్ ఎగురుతడు సూడుండ్రి, గాలిల జరసేపు ఆగినట్లే ఉంటది. బాల్ లోపలికి కోసుకొస్తది." చేతిలో టేపుతోనే, వాచిన మోకాళ్లతోనే, ఆ ఇరుకు గదిలో నిజంగా ఎగిరి చూపించాడు.

దత్తాత్రి మురిసిపోయాడు. "మరి ఇద్దర్ల ఎవలు పెద్ద?"

అమీనుద్దీన్ వాకిలి వైపు చూశాడు. మాటల్లో పడి కొలతలు రాసుకోనేలేదు. సూది మళ్లీ పెదాల మధ్య పెట్టుకుని టేపు సరిచేశాడు.

"చెయ్యి చాపుండ్రి సార్," అన్నాడు. "మార్షల్."